ఇస్త్రీ అచ్చుల టీచరమ్మ

మా పిజన్ లిక్ లోయలో పంది తొడమాంసం పేరును రెండు ముక్కలుగా పలుకుతాం. "హే" అని మొదలుపెట్టి, కాస్త ఊపిరి తీసుకుని, తాపీగా "యమ్" దగ్గర దిగుతాం. మిగతా అమెరికా అంతా దాన్ని "హ్యామ్" అని ఒక్క గుక్కలో మింగేస్తుందట. మింగనివ్వండి, మాకేం తొందర? పందిని ఏడాదంతా మేపి, కోసి, ఉప్పులో ఊరేసి, పొగలో వేలాడదీసి తినేవాళ్లం. దాని పేరు పలకడానికి ఒక క్షణం ఎక్కువ పడితే కొంపలేం మునగవు. ఈ కెంటకీ కొండల్లో పుట్టిన ప్రతి పసివాడికీ తెలిసిన సంగతే ఇది. తెలియనిదల్లా మా బడిలో ఒకటో తరగతి చెప్పిన డెల్ఫియా సైజ్‌మోర్ టీచరమ్మ ఒక్కదానికే.

తెలియదనడం కూడా అన్యాయమేలెండి. తెలిసి మరిచిపోయింది. అదీ అందరూ మరిచిపోయినట్టు కాదు, కష్టపడి, పట్టుబట్టి, కాలేజీకి వెళ్లి మరీ మరిచిపోయింది.

ఆవిడ తరగతి గదిలో అడుగుపెడితే ముందు చేతి అద్దాలు కనిపించేవి, పిల్లకొకటి చొప్పున. అచ్చు పలికేటప్పుడు నోరెంత తెరుచుకుంది, పెదవులు గుండ్రంగా ఉన్నాయా సాగి ఉన్నాయా అన్నది ఆరేళ్ల పిల్లలు ఎవరి మొహం వాళ్లు చూసుకుని తేల్చుకోవాలి. ఆ తర్వాత గడ్డం కింద అరచెయ్యి పెట్టుకోవాలి. మాట పలికినప్పుడు దవడ ఎన్నిసార్లు చేతికి తగిలితే ఆ మాటలో అన్ని ముక్కలున్నట్టు. ముక్కకొక అచ్చు, అచ్చుకొక ముక్క. దేశమంతా పిల్లలకు ఇలాగే నేర్పుతారు, ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. తప్పల్లా మా పిల్లల దవడల్లో ఉంది.

"హ్యామ్ అను మాటలో ముక్కలు ఎన్ని?" అని అడిగేది టీచరమ్మ. ఆవిడ మామూలు మాటలు కూడా అచ్చుపుస్తకం చదివినట్టే ఉండేవి.

పిల్లలు గడ్డాల కింద చేతులు పెట్టుకుని "హే-యమ్" అనేవాళ్లు. "రెండు టీచరమ్మా."

"ఒకటి."

"రెండుసార్లు తగిలింది టీచరమ్మా."

"నీ దవడ అబద్ధం చెబుతున్నది. మరల పలుకు."

దేవుడిచ్చిన దవడ ఒకటి చెబుతుంటే సర్కారిచ్చిన టీచరు ఇంకొకటి చెబుతుంటే పసివాళ్లు ఎవరిని నమ్మాలి? తెలివైన పిల్లలు చేత్తో దవడను గట్టిగా అదిమిపట్టి, రెండోసారి దిగకుండా ఆపి, పళ్ల సందుల్లోంచి "హ్యామ్" అని గండం గట్టెక్కేవాళ్లు. ఇక "ఫైర్" దగ్గర కథ తిరగబడేది. నిప్పంటుకుంటే టీచరమ్మ నోట్లో అది "ఫై-యర్", రెండు ముక్కలు. మా నోట్లో "ఫార్", ఒక్కటే. మాంసం దగ్గర ఎక్కువ వాడేసిన ముక్కను మంట దగ్గర మిగుల్చుకుంటాం, మొత్తం మీద లెక్క సరిపోతుంది. ఆ సర్దుబాటూ ఆవిడకు నచ్చలేదు. రాసే పెన్నుకూ గుచ్చుకునే పిన్నుకూ మా దగ్గర ఒకే అచ్చు, అందుకే ఏది కావాలన్నా సిరాదనో గుచ్చేదనో చెప్పి మరీ అడుగుతాం. తాతల కాలం నుంచీ ఈ పద్ధతిలో ఎవరూ గుండుసూదితో సంతకం పెట్టిన దాఖలా లేదు. అయినా వాటిని విడదీయడానికి టీచరమ్మ ఏటా చలికాలమంతా ఖర్చుపెట్టేది.

ఆవిడకు ఈ తెగులు ఒహాయోలో అంటింది. బొగ్గుగని కార్మికుడి రెండో కూతురు, చదువులో ముందుందని కాలేజీవాళ్లే ఫీజు భరించి పిలిపించుకున్నారు. మొదటి వారంలో క్లాసులో నిలబెట్టి ఏదో పేజీ పైకి చదవమన్నారు. చదివింది. క్లాసంతా నవ్వింది. చెడ్డ నవ్వు కూడా కాదు, ముద్దొచ్చి నవ్వారు. తిట్టినా సహించేదేమో కానీ ముద్దు చేస్తే తట్టుకోలేకపోయింది. ఆ సాయంత్రమే ఒక చేతి అద్దం కొనుక్కుంది. అప్పటి నుంచి రోజూ తెల్లవారగానే ఆ అద్దం ముందు కూర్చుని తన అచ్చులన్నిటినీ ఒక్కొక్కటిగా ఇస్త్రీ చేసింది. సాగినవాటిని కుదించింది, కుంగినవాటిని సాగదీసింది. చదువు అయిపోయేనాటికి ఎవరో ఆవిడను "మీది ఒహాయోలో ఏ ఊరు?" అని అడిగారు. చేతికిచ్చిన పట్టా కన్నా ఆ ప్రశ్నే ఆవిడకు గొప్ప పట్టా అయింది.

ఇంటికొచ్చిన మొదటిరోజు వాళ్లమ్మ బీన్స్ కుండ దించుతూ కూతురి మాటలు కాసేపు విని, పెద్దకూతురి వైపు తిరిగి, "ఈవిడెవరో సర్కారోళ్లు పంపిన మనిషల్లే ఉంది, మంచి కంచం తియ్యవే," అందట. ఇల్లంతా నవ్వారు. డెల్ఫియా నవ్వలేదు. మంచి కంచంలోనే తింది.

పెళ్లి కూడా చేసుకుంది. హార్లిస్ అని బొగ్గుగనిలో పనిచేసేవాడు, బొత్తిగా మాటలు లేని మనిషి. సరిదిద్దడానికి ముడిసరుకు దొరక్క ఆ కాపురం సుఖంగానే సాగింది. గనుల్లో పనిచేసేవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో అతను పోయాక ఆవిడ ఇంకా నిటారుగా నిలబడి పాఠాలు చెప్పి, రిటైరై, ఊళ్లోనే తెల్లసున్నం వేసిన ఇంట్లో ఉండిపోయింది.

టోలివర్ కొట్టు అని మా ఊళ్లో ఒక్కటే కొట్టు. కోళ్లదాణా, పెట్రోలు, వేయించిన మాంసం ముక్క పెట్టిన రొట్టె, ఊరి కబుర్లు అన్నీ అక్కడే దొరుకుతాయి. టోలివర్ మా ఊరి ఫైరింజను దళానికి నాయకుడు కూడా. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి రాగానే అక్కడ మాటలన్నీ ఆగిపోయేవి. పెద్ద పెద్ద మీసాలవాళ్లు, ఒకప్పుడు ఆవిడ దగ్గర దవడ పట్టుకుని కూర్చున్నవాళ్లే, "అవునండి", "లేదండి", "వస్తానండి" అని మూడు మాటల్లో సరిపెట్టుకుని జారుకునేవాళ్లు. ఆవిడ దాన్ని మర్యాద అనుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న మనిషికి కుందేలు పారిపోయినా మర్యాదగానే కనిపిస్తుంది.

ఊళ్లో ఆవిడకు లొంగని నోరు ఒక్కటే, అక్క డోవీది. లోయ చివర, కొండ మొదట్లో, కోళ్లతో, కూరగాయల మడితో ఒంటరిగా బతికేది. ఏరు పారినట్టు మాట్లాడేది. ఆదివారం చెల్లెలు చూడ్డానికి వెళితే మాటమాటకీ తగువే.

"నా మాట నేల మీద పడకముందే ఎత్తి ఉతికి ఆరేస్తావేందే నువ్వు? తడి ఆరేదాకా నేను మాట్టాడకూడదా?" అనేది డోవీ.

"నీవు పలికినది తప్పు అని మాత్రమే చెప్పితిని అక్కా."

"చెప్పితివి లేవే. తిను."

అలాంటి డోవీకి వసంతకాలం మొదట్లో పక్షవాతం వచ్చింది. కోళ్లకు గింజలు వేస్తూ పడిపోయింది. పక్కింటివాళ్లు చూసి, ఎత్తుకుని, పట్నంలో పెద్దాసుపత్రికి చేర్చారు. కాలూ చెయ్యీ కొన్నాళ్లకు దారికొచ్చాయి. మాట మాత్రం రాలేదు. గొంతులోంచి గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. ఊరంతా దిగులు పడింది. డోవీ మాట్లాడకపోవడమంటే ఏరు ఎండినట్టేనని కొట్లో అనుకున్నారు.

ఆసుపత్రిలో మాట నేర్పడానికి బ్రిజెట్ అనే అమ్మాయి ఉండేది. మిషిగన్ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చింది. మంచి పిల్ల, నవ్వితే పళ్లన్నీ హాజరు పలుకుతాయి. డోవీ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మాటలో ఒక్కో ముక్కకూ ఒక్కో తట్టు తడుతూ, బొమ్మలు చూపిస్తూ, చిన్నగా పాడుతున్నట్టు పలికించేది. మంచం, రాత్రి, పెన్ను, మాంసం, మంట. వారాలు గడిచాయి. ఒక ఉదయం డోవీ గొంతు పెగిలింది. మాంసం బొమ్మ చూసి "హే-యమ్" అంది. మంట బొమ్మ చూసి "ఫార్" అంది. డోవీ కళ్లమ్మట నీళ్లు కారాయి. తన మాట తనకు దొరికింది మరి.

బ్రిజెట్ మొహం చిన్నబోయింది. ఒక ముక్క ఉండాల్సిన చోట రెండు, రెండు ఉండాల్సిన చోట ఒకటి. అచ్చులన్నీ పక్కకు ఒరిగి ఉన్నాయి. ఇది దెబ్బతిన్న మాటా, లేక మనిషి తీరే ఇంతా? తెలివైన పిల్ల కనుక ఎవరినీ అడక్కుండా తేల్చుకోలేదు. వరండాలో మంచి కోటు వేసుకుని కూర్చున్న చెల్లెలి దగ్గరికి వెళ్లింది.

"మీరు ఎంత స్పష్టంగా మాట్లాడతారండీ," అంది ముందుగా. "మీరు ఈ ప్రాంతం వాళ్లు కాదనుకుంటాను."

ఒహాయో ప్రశ్న మళ్లీ ఇన్నేళ్లకు వచ్చింది. టీచరమ్మ లోపల ఏదో పువ్వు విచ్చుకుంది.

"ఒక్క సంగతి చెప్పండి. జబ్బు రాకముందు కూడా మీ అక్కగారు ఇలాగే పలికేవారా? మాంసాన్ని రెండు ముక్కలుగా, అలా?"

అడిగింది ఒక్క మాట. అవును అంటే అయిపోయేది. కానీ ఆ అవును అనడానికి డెల్ఫియా మళ్లీ ఆ క్లాసులో లేచి నిలబడాలి. బొగ్గు మసి, బీన్స్ కుండ, కొండమాట, అన్నీ ఈ మిషిగన్ పిల్ల ముందు పరచాలి. పిల్ల ముద్దుగా నవ్వుతుందేమో కూడా. ఆవిడ కోటు గుండీ సరిచేసుకుంది.

"లేదు," అంది. "మా గృహంలో అందరమూ నావలెనే మాట్లాడేవారము."

ఇంతకన్నా చక్కటి అచ్చులతో ఇంతకన్నా పెద్ద అబద్ధం మా లోయలో ఎవరూ ఆడలేదు.

ఇక చూసుకోండి. డోవీ నోటి నుంచి ఏ మాట వచ్చినా జబ్బే అయింది. ఎంత బాగా మాట్లాడితే అంత జబ్బు. రాత్రి అనే నైట్‌ను "నాట్" అంటే జబ్బు, మంచం అనే బెడ్‌ను సాగదీస్తే జబ్బు. పాపం బ్రిజెట్, లేని రోగానికి రేయింబవళ్లు వైద్యం చేసింది. చివరికి ఒకరోజు అక్కచెల్లెళ్లిద్దరినీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. వచ్చే శుక్రవారం డాక్టర్లు కూర్చుంటారు. డోవీగారు ఒంటరిగా ఉండే మనిషి, కొండ పక్కన ఇల్లు. ఆపద వచ్చి ఫోన్ చేస్తే అవతలివాళ్లకు అర్థం కావాలి కదా. అర్థం కాదని డాక్టర్ల అనుమానం. ఇంటికి పంపరు, పట్నంలోనే వృద్ధుల శరణాలయంలో ఉంచుతారు.

"నా ఇంటికి తీసుకొనిపోయెదను," అంది డెల్ఫియా.

డోవీ తల అడ్డంగా ఊపింది. మాటలు ఏరుకుంటూ, ఒక్కొక్కటే తీసి, "ముసలోళ్ల కొంపే... నయం. ఆడ... దగ్గినా... దిద్దరు," అంది.

అక్కను ఎలాగైనా ఆమె ఇంటికి చేర్చాలని ఆ మాట విన్నాక డెల్ఫియా గట్టిగా అనుకుంది. నిజం చెప్పడం దగ్గరి దారి. ఆవిడ పంతులమ్మ కాబట్టి దూరపు దారి పట్టింది. మర్నాడే సంచిలో చేతి అద్దం వేసుకుని ఆసుపత్రికి వెళ్లి అక్క ఎదురుగా కుర్చీ వేసుకుంది.

"నోరు పూర్తిగా తెరువు. హ్యామ్."

"హే-యమ్."

"ఒకే ముక్క. అద్దములో చూడు. హ్యామ్."

మొన్ననే పక్షవాతం నుంచి లేచిన మనిషికి, అమ్మకడుపులోంచి తెచ్చుకున్న మాట ఇప్పుడిప్పుడే మళ్లీ దొరికిన మనిషికి, ఆ మాట పారేసి ఇంకొకటి తీసుకోమని పాఠం. డోవీ ప్రయత్నించింది. చెల్లెలి మొహంలో భయం కనిపించింది కనుక ప్రయత్నించింది. ఇప్పుడామె బుర్రలో ప్రతి మాటకూ రెండు అచ్చులు తయారయ్యాయి, ఒకటి నోటి దాకా రాగానే ఇంకొకటి అడ్డుపడేది. నాలుగు రోజులు తిరిగేసరికి "హ్యా..." అని ఆగేది, "హే..." అని ఆగేది, ఆ తర్వాత ఆ ప్రయత్నం కూడా మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

బ్రిజెట్ వచ్చి చూసి, "పరిస్థితి ఇంకా దిగజారింది," అని బాధపడింది.

శుక్రవారం పొద్దున డెల్ఫియా ఆసుపత్రి కింద కాఫీ హోటల్లో కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. పైన అక్క గోడ వైపు చూస్తోంది, మధ్యాహ్నం డాక్టర్లు కూర్చుంటారు. మింగలేదు, కక్కలేదు. ఇంత వయసు వచ్చి, ఊరంతటికీ మాట నేర్పి, ఒక్క నిజం చెప్పడానికి నోరు రావడం లేదని ఆవిడకు సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా అక్క వీపు పెద్దదిగా కనిపించింది. లేచి పైకి వెళ్లింది.

గదిలో బ్రిజెట్ ఉంది. డోవీ పడుకునే ఉంది.

"నేను నీతో అసత్యము చెప్పితిని," అంది డెల్ఫియా నిలబడే. "మా అక్క ఎల్లప్పుడూ అలాగే పలికేది. మా అమ్మ అలాగే పలికేది. మా ఊరిలో అందరూ అలాగే పలుకుతారు. అది రోగము కాదు."

"అందుకే కదండీ ఆ రోజు మిమ్మల్ని అడిగాను," అంది బ్రిజెట్.

"అవును."

"మరి మీరు? మీదీ అదే ఇల్లు కదా."

"నేను మార్చుకొంటిని."

ఆ పిల్ల ఏం చేస్తుంది? తమవాళ్లను ఇంటికి తీసుకుపోవాలన్న ఆత్రంలో చెల్లెళ్లూ కొడుకులూ ఎన్ని కట్టుకథలు చెబుతారో ఆ ఆసుపత్రిలో అందరికీ తెలుసు. మొదట ఒకటి చెప్పింది, ఇప్పుడింకొకటి చెబుతోంది. ఏది నమ్మాలి?

"పోనీ, మీరు మీ ఇంటిమాటలో ఏదైనా మాట్లాడండి, వింటాను," అంది. "డోవీగారి అచ్చులతో పోల్చి చూస్తాను."

ఇది సులువే అనుకుంది డెల్ఫియా. పుట్టి పెరిగిన మాట, ఎక్కడికి పోతుంది? నోరు తెరిచింది. "హే," అంది. "యమ్," అంది. రెండు ముక్కలూ రెండు ఇటుకల్లా విడివిడిగా పడ్డాయి. మళ్లీ పలికింది. ఈసారి మరీ సాగింది, టీవీలో కొండప్రాంతం వాళ్లను ఎగతాళి చేసే హాస్యగాళ్లు పలికినట్టు. వాక్యం చెబుదామని చూసింది. ఆ వాక్యం వింటే మా ఊళ్లో ఎవరైనా చెయ్యి చేసుకునేవాళ్లు. బ్రిజెట్ ఇబ్బందిగా నేల చూపులు చూసింది.

"అలా మాట్లాడనవసరం లేదండీ. వాళ్లను కించపరిచినట్టుంటుంది."

"నేను వాళ్లనే," అంది డెల్ఫియా.

అప్పుడామెకు టోలివర్ గుర్తొచ్చాడు. పొద్దున్నే కొట్లో పదిమంది ఉంటారు, ఫోన్ చేసి ఆ పిల్లకు వినిపిస్తే చాలు. చేసింది. గదంతా వినిపించేలా పెట్టింది. అవతల ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

"టోలివర్, నేను డెల్ఫియా సైజ్‌మోర్‌ను."

నవ్వు ఆగిపోయింది. కుర్చీలు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

"చెప్పండి టీచరమ్మా."

"ఫైర్ అను మాటను పలుకు."

"ఏదైనా తప్పు చేశానా టీచరమ్మా?"

"లేదు. పలుకు."

"ఫై-యర్," అన్నాడు టోలివర్, అద్దంలో చూసుకుంటున్నంత జాగ్రత్తగా. "రెండు ముక్కలండీ."

"అలా కాదు. మీ ఇంటిలో పలికినట్లు పలుకు."

"మా ఇంట్లోనూ అలాగే పలుకుతామండీ. మా ఆవిడా, పిల్లలూ, అందరమూ."

"అబద్ధమాడకు, టోలివర్."

"నిజమండీ. హ్యామ్ కూడా చెప్పమంటారా? ఒకటే ముక్కండీ. ఇక్కడున్న వాళ్లందరితోనూ చెప్పిస్తాను." వెనకనుంచి నలుగురైదుగురు ముసలి గొంతులు భయభక్తులతో "హ్యామ్" అన్నాయి.

ఎంతమంది టీచర్లకు దక్కుతుంది ఈ భాగ్యం? ఒక ఊరు ఊరంతా, కొన్ని తరాలు, నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పడం. కాకపోతే ఇవాళే ఎందుకు అప్పజెప్పారన్నదే బాధ.

"ఈయన కూడా మీలాగే మాట్లాడుతున్నారండీ," అంది బ్రిజెట్ మెల్లగా. డెల్ఫియా ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మంచం మీద దుప్పటి కదిలింది. డోవీ ఇటు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఇద్దరూ కంగారుపడ్డారు. నవ్వుతోంది. నవ్వి నవ్వి ఆయాసపడి, చెయ్యి చాపింది.

"ఇట్టా... ఇయ్యవే."

గోడ వైపు తిరిగాక ఇదే మొదటి మాట. డెల్ఫియా ఫోన్ అందించింది.

"టోలివరూ. డోవీని," అంది. "ఫార్."

"యాడ పెద్దమ్మా? ఇంటికాడేనా? ఆసుపత్రి నించి ఎప్పుడొచ్చినావో తర్వాత చెబుదువుగానీ ముందు నువ్వు బయటికి రా. కోళ్లని నేజూసుకుంటా. ఒరేయ్ లెగండ్రా, డోవీ పెద్దమ్మ ఇంటికాడ ఫారంట," అని టోలివర్ అరవడం, తలుపు దబాలున కొట్టుకోవడం వినిపించాయి. ఫోన్ అక్కడే ఎక్కడో పడి ఉన్నట్టుంది, కాసేపటికి ఫైరింజను మోత కూడా వినిపించింది.

బ్రిజెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాటలో దెబ్బతిన్న ముసలావిడ ఒకే ఒక్క ముక్క పలికితే, డెబ్బై మైళ్ల అవతల అరడజను మంది మగాళ్లు రొట్టెలు పారేసి లేచారు. ఆపదలో ఫోన్ చేస్తే అర్థమవుతుందా లేదా అన్నదే కదా డాక్టర్ల అనుమానం. అది తీరడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇద్దరూ కలిసి ఫోన్‌లో ఎంత కేకలు వేసినా వెనక్కి పిలవడానికి కొట్లో ఎవరూ మిగల్లేదు. వాళ్లు వెళ్లి, తలుపు గడియ విరగ్గొట్టి, మంట కోసం పొయ్యిలో కూడా వెతికి, దొరక్క, వచ్చినందుకు కోళ్లకు గింజలు వేసి పోయారని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం డాక్టర్లకు బ్రిజెట్ ఆ ఫోన్ సంగతంతా చెప్పింది. తాను వేసిన లెక్క తప్పని కూడా చెప్పింది. ఎవరివల్ల తప్పిందో చెప్పలేదు, మంచి పిల్ల అన్నాను కదా. భోజనాల వేళ అయింది కాబట్టి డాక్టర్లు కూడా ఎక్కువసేపు వాదించలేదు. వారం తిరక్కుండా డోవీని ఇంటికి పంపేశారు.

డెల్ఫియాయే కారు తోలుకుని వెళ్లి తీసుకొచ్చింది. డోవీ కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా మాట్లాడింది. ఆగి ఆగి, వెతుక్కుంటూనే, కానీ మాట్లాడింది. కొండల మీద చెట్లు చిగురు వేశాయని, నర్సులు పెట్టిన బీన్స్‌లో ఉప్పు లేదని, టోలివర్ గడియ బాగుచెయ్యకపోతే వాడి చెవి మెలిపెడతానని. డెల్ఫియా ఒక్క మాట కూడా దిద్దలేదు. వింటూ కారు నడిపింది. అన్నేళ్లలో అక్క మాట మధ్యలో అడ్డుపడకుండా వినడం అదే మొదలు. వింటుంటే ఆమెకు హాయిగా ఉంది, అంతకన్నా ఎక్కువగా ఆకలిగా ఉంది. ఆ మాటల్లోకి తను కూడా దిగాలనిపించింది. దిగి, అక్కతో పాటు ఆ చెట్ల గురించో ఉప్పు గురించో ఏదో ఒకటి అనాలనిపించింది.

లోయ మలుపు తిరిగాక గొంతు సవరించుకుంది.

"ఇంటికి పోగానే బీన్సు పొయ్యి మీదేత్తాలేయే అక్కా," అంది. "ఉప్పు నువ్వే ఏసుకుందువు."

అచ్చులన్నీ ఉండాల్సినచోట పెట్టాననే అనుకుంది. ప్రతి ముక్కా తలుచుకుని, సాగదీయాల్సిన దగ్గర సాగదీసి మరీ పెట్టింది.

డోవీ మాటలు ఆపింది. చెల్లెలి వైపు చూసింది, ఆ తర్వాత రోడ్డు వైపు చూసింది. కోపం లేదు ఆమె గొంతులో.

"వద్దులేవే డెల్ఫీ," అంది. "నువ్వట్టా మాట్టాడతా ఉంటే... అమ్మని ఎక్కిరించినట్టుంది."

డెల్ఫియా వెక్కిరించలేదు. వాళ్లమ్మలా మాట్లాడడం ఇప్పుడామెకు అంతవరకే వచ్చు.